పాలవలె మారిన సీరం: మద్యం, రక్తంలోని క్రొవ్వులు

గాజు నాళికలో కొంచెం రక్తం తీసి అరగంటసేపు కదపకుండా ఉంచితే అది గడ్డకడుతుంది. గడ్డ అడుగుకు చేరిన తరువాత పైన తేలే ద్రవాన్ని సీరం అంటారు. ఆరోగ్యవంతుని సీరం పలుచని గడ్డిరంగులో, తేటగా ఉంటుంది. నాళిక వెనుక ఒక అచ్చు కాగితం పెట్టి చూస్తే అక్షరాలు చదువుకోవచ్చు. నిరుడు వేసవిలో మా ఊరి రక్తపరీక్షాశాలలో నాకు ఒక నాళికను చూపించారు. దాని వెనుక అక్షరాలు కనిపించడం మాట అటుంచి, అసలు కాగితం ఉన్నదో లేదో కూడ తెలియలేదు. సీరం నీళ్లు కలిపిన పాలవలె తెల్లగా ఉన్నది.

ఆ రక్తం మా కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో చాలా కాలంగా సహాయకుడుగా పనిచేస్తున్న ఒకరిది. వయస్సులో నాకంటె పదేళ్లు పెద్ద. ఆయన అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాను. మరునాడు పరీక్షా ఫలితాల కాగితం తీసుకొని నా దగ్గరకు వచ్చారు. నూరు మిల్లీలీటర్ల సీరంలో మొత్తం కొలెస్టరాల్ 268 మిల్లీగ్రాములు, ట్రైగ్లిసరైడ్లు 640, మంచి కొలెస్టరాల్ అని పిలిచే హెచ్.డి.ఎల్. 51. చెడ్డ కొలెస్టరాల్ అనే ఎల్.డి.ఎల్. ఎదుట మాత్రం అంకె లేదు, ఒక గీత గీసి ఉన్నది.

"చూడండి మాస్టారూ, మంచి కొలెస్టరాల్ 51 వచ్చింది. నలభై దాటితే చాలునట గదా! మా బావమరిది చెప్పనే చెప్పాడు, రాత్రిపూట ఒక క్వార్టరు పుచ్చుకుంటే అది పెరుగుతుందని. పైగా నేను ఖాళీ కడుపున ఎన్నడూ త్రాగను. కడుపునిండా తిని మరీ త్రాగుతాను" అన్నారు.

ఈ మాటల్లో రెండు నమ్మకాలు ఉన్నవి. మద్యం మంచి కొలెస్టరాల్‌ను పెంచి గుండెను కాపాడుతుందనేది ఒకటి. బాగా తిని త్రాగితే హాని లేదనేది రెండవది. మొదటి దానిలో ఒక పాలు నిజం ఉన్నది, చిక్కు తెచ్చిపెట్టేది ఆ పాలు నిజమే. రెండవ దానిని ఒకప్పుడు వైద్యులు కూడ చాలావరకు నమ్మేవారు. ఈ రెంటినీ విచారించాలంటే ముందు ఆ నాళికలోని తెలుపు ఏమిటో తెలుసుకోవాలి.

నీటిలో నూనె ప్రయాణం

మన రక్తంలో తిరిగే క్రొవ్వు పదార్థాలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ట్రైగ్లిసరైడు. వేరుసెనగ నూనె, నెయ్యి, మన పొట్టమీద పేరుకొనే క్రొవ్వు, ఇవన్నీ ఇదే పదార్థం. ఒక గ్లిసరాల్ అణువుకు మూడు క్రొవ్వు ఆమ్లాలు అతుక్కొని ఉండడంచేత ఆ పేరు వచ్చింది. శరీరానికి ఇది ఇంధనం. రెండవది కొలెస్టరాల్. ఇది మైనంవంటి పదార్థం. శరీరం దీనిని కాల్చి శక్తి పొందలేదు. కణాల గోడలకు, కొన్ని హార్మోనులకు, పైత్యరసానికి ఇది ముడిసరుకు.

రెండూ నీటిలో కరగవు. రక్తంలో అధికభాగం నీరే. మరి నూనె నీటిలో ఎట్లా ప్రయాణం చేస్తుంది? కాలేయమూ, చిన్నప్రేవూ దీనికి ఒక ఉపాయం చేస్తవి. క్రొవ్వును సూక్ష్మమైన బిందువులుగా చేసి, వాటిచుట్టూ మాంసకృత్తుల పలుచని పొర కప్పి రక్తంలోకి పంపుతవి. ఈ మూటలనే లైపోప్రోటీనులు అంటారు. 1929లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మాషెబఫ్ గుర్రపు సీరం నుండి ఇటువంటి మూటను మొట్టమొదట వేరుచేశాడు. తరువాత సుమారు ఇరవై ఏళ్లకు కాలిఫోర్నియాలో జాన్ గాఫ్‌మన్ అనే ఆయన సీరంను అత్యంత వేగంగా గిరగిర త్రిప్పే అపకేంద్ర యంత్రంలో పెట్టి, బరువునుబట్టి వీటిని తరగతులుగా విడదీశాడు. పాలను త్రిప్పితే మీగడ తేలడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. క్రొవ్వు ఎక్కువగా ఉన్న మూట తేలిక, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్నది బరువు.

భోజనంలోని క్రొవ్వును చిన్నప్రేవు కైలోమైక్రానులు అనే పెద్ద మూటలుగా కట్టి శోషరసనాళాల ద్వారా రక్తంలోకి పంపుతుంది. కాలేయం తాను తయారుచేసిన ట్రైగ్లిసరైడ్లను వి.ఎల్.డి.ఎల్. అనే మూటలుగా కట్టి పంపుతుంది. ఈ రెండు రకాలూ పెద్దవి గనుక వెలుతురును చెదరగొడతవి. సీరం తెల్లబడడానికి కారణం ఇవే. ఎల్.డి.ఎల్., హెచ్.డి.ఎల్. మూటలు మరీ చిన్నవి. అవి ఎంత పెరిగినా సీరం తేటగానే ఉంటుంది. అందుచేత సీరం తేటగా ఉన్నంత మాత్రాన కొలెస్టరాల్ తక్కువని అనుకోరాదు.

తెల్లని సీరంను ఒక రాత్రి శీతలయంత్రంలో కదపకుండా ఉంచితే మరొక విశేషం తెలుస్తుంది. పైన మీగడ కట్టితే అందులో కైలోమైక్రానులు ఉన్నట్లు. మీగడ లేకుండా నాళిక అంతటా ఒకే తీరున మసకగా ఉంటే అది కాలేయం పంపిన వి.ఎల్.డి.ఎల్. అన్నమాట. మన సహాయకుని సీరంలో మీగడ తేలలేదు. ఆయన తిన్న వేపుళ్లలోని నూనె రాత్రికి రాత్రే ఖర్చయిపోయింది. తెల్లగా కనిపించినదంతా కాలేయం స్వయంగా వండి పంపిన క్రొవ్వే.

ఈ మూటలు రక్తంలో ఎల్లకాలం ఉండవు. 1943లో అమెరికాలో పాల్ హాన్ కుక్కలపై ఒక ప్రయోగం చేస్తూ విచిత్రమైన విషయం గమనించాడు. క్రొవ్వు మేత తిన్న కుక్క రక్తరసం పాలవలె ఉండగా, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ అనే పదార్థాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. కొద్ది నిమిషాలలో రక్తరసం తేటపడింది. అదే హెపారిన్‌ను విడిగా గాజు నాళికలోని తెల్లని రక్తరసంలో కలిపితే ఏమీ జరుగలేదు. అనగా తేటపరిచేది హెపారిన్ కాదు, శరీరంలో ఎక్కడో అతుక్కొని ఉన్న మరొక పదార్థం. హెపారిన్ దానిని ఊడదీసి రక్తంలోకి వదిలినది. అది కండరాలలోను, క్రొవ్వు కణాల మధ్యను ఉండే కేశనాళికల గోడలకు అతుక్కొని ఉండే ఎంజైము అని తరువాత తేలింది. దానికి లైపోప్రోటీన్ లైపేజు అని పేరు పెట్టారు. రేవుకు వచ్చిన పడవనుండి సరుకు దింపే కూలీవలె ఇది మూటలోని ట్రైగ్లిసరైడ్లను విడగొట్టి ప్రక్కనున్న కణాలకు అందిస్తుంది.

కనుక రక్తంలో ట్రైగ్లిసరైడ్లు పెరగడానికి కారణాలు రెండే. కాలేయం ఎక్కువ మూటలు పంపడం ఒకటి, రేవులో సరుకు దింపడం మందగించడం రెండు. మద్యం మొదటి పనిని ఎక్కువగా చేస్తుంది. భోజనంతోపాటు త్రాగినప్పుడు రెండవ పని కూడ చేస్తుంది.

కాలేయంలో ఏం జరుగుతుంది?

మద్యంలోని ఆల్కహాలుకు శరీరంలో కొట్టు లేదు. అన్నం మిగిలితే గ్లైకోజనుగా, క్రొవ్వుగా దాచుకోవచ్చు. ఆల్కహాలును దాచడానికి వీలులేదు, ఎప్పటికప్పుడు తగులబెట్టవలసిందే. అందులో అధికభాగం కాలేయంలోనే జరగాలి. సాధారణంగా కాలేయం గంటకు 7, 8 గ్రాముల ఆల్కహాలును మాత్రమే వదిలించుకోగలదు.

ఈ పని రెండు మెట్లలో జరుగుతుంది. మొదట ఆల్కహాలు ఎసిటాల్డిహైడుగా, పిమ్మట అది ఎసిటేటుగా మారుతుంది. రెండు మెట్లలోను హైడ్రోజన్ ఊడివస్తుంది. ఆ హైడ్రోజన్‌ను పుచ్చుకోవడానికి కణంలో ఎన్.ఎ.డి. అనే పదార్థం ఉన్నది. దీనిని ఒక తట్టగా ఊహించుకోవచ్చు. ఖాళీ తట్టలో హైడ్రోజన్ నింపుకొని, మరొక చోట దింపి, మరల ఖాళీగా తిరిగివస్తుంది. ఒక్కొక్క ఆల్కహాలు అణువుకు ఇట్లాంటి తట్టలు రెండు కావాలి. కణంలో తట్టలు లెక్కకు మించి లేవు. ఆల్కహాలు ప్రవాహంగా వస్తున్నప్పుడు తట్టలన్నీ నిండిపోయి ఖాళీవి కరవవుతవి.

క్రొవ్వు ఆమ్లాలను కాల్చడానికి కూడ ఇవే ఖాళీ తట్టలు కావాలి. తట్టలు లేవు గనుక క్రొవ్వు కాలడం ఆగిపోతుంది. అంతటితో పోలేదు. నిండిన తట్టలు ఎక్కువైనప్పుడు కణంలో గ్లిసరాల్ ఫాస్ఫేటు అనే పదార్థం ఎక్కువగా తయారవుతుంది. ట్రైగ్లిసరైడుకు వెన్నెముకవంటి గ్లిసరాల్ దీనినుండే వస్తుంది. కాల్చకుండా మిగిలిపోయిన క్రొవ్వు ఆమ్లాలు ఒక ప్రక్క, వాటిని కూర్చడానికి గ్లిసరాల్ మరొక ప్రక్క సిద్ధంగా ఉంటే ట్రైగ్లిసరైడు తయారుకాక ఏమవుతుంది? కొంత కాలేయంలోనే పేరుకుంటుంది. దానినే క్రొవ్వు పట్టిన కాలేయం అంటారు. మిగిలినది వి.ఎల్.డి.ఎల్. మూటలుగా రక్తంలోకి వెళ్లుతుంది. అల్ట్రాసౌండు పరీక్షలో కాలేయంలో క్రొవ్వు ఉన్నదని, రక్తపరీక్షలో ట్రైగ్లిసరైడ్లు ఎక్కువని రెండు కాగితాలు వస్తే రెండు జబ్బులు వచ్చినవని కొందరు దిగులు పడతారు. తరచుగా అవి ఒకే వ్యవహారానికి రెండు కొసలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. విద్యార్థులు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ వంటి వాటిలో సాధారణంగా ఘనపరిమాణంలో 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. క్వార్టరు సీసా 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు. ఆల్కహాలు సాంద్రత 0.789 గనుక అది దాదాపు 61 గ్రాములు. గ్రాముకు 7 కిలో కెలోరీల చొప్పున 425 కిలో కెలోరీలు వస్తవి. ఇది మూడు వందల గ్రాముల పైచిలుకు వండిన అన్నంతో సమానం. గంటకు 8 గ్రాముల చొప్పున అయినా కాలేయానికి ఏడున్నర గంటల పని. రాత్రి తొమ్మిదికి త్రాగిన వ్యక్తి కాలేయం తెల్లవారుజామున నాలుగున్నరదాకా ఆ పనిమీదనే ఉంటుంది. ఆయన నిద్రపోతున్నాడు గాని అది నిద్రపోలేదు. బీరు తేలిక గదా అంటారు. 5 శాతం ఆల్కహాలు ఉన్న 650 మిల్లీలీటర్ల సీసాలో ఆల్కహాలు సుమారు 26 గ్రాములు. రెండు సీసాలు త్రాగితే క్వార్టరుకు కొంచెమే తక్కువ.

తిని త్రాగితే?

త్రాగేవారి కాలేయంలో క్రొవ్వు చేరుతుందని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. కాని దానికి కారణం మద్యం కాదని, త్రాగేవారు సరిగా తినకపోవడమే కారణమని ఇరవయ్యవ శతాబ్దం నడిమికాలం దాకా పలువురు భావించేవారు. మాంసకృత్తులు లోపించిన ఆహారం పెట్టిన ఎలుకలలో మద్యం లేకుండానే కాలేయంలో క్రొవ్వు చేరడం ఈ అభిప్రాయానికి బలం ఇచ్చింది. న్యూయార్కులో చార్లెస్ లీబర్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు దీనిని ఒప్పుకోలేదు. ఇమాన్యుయెల్ రూబిన్‌తో కలిసి ఆయన 1968లో ప్రకటించిన పరిశోధనలో, త్రాగుడు వ్యసనం లేని వ్యక్తులు తమంతట తామే ముందుకు వచ్చి పాల్గొన్నారు. వారికి మాంసకృత్తులు పుష్కలంగా ఉన్న ఆహారం ఇస్తూ, దానితోపాటు మద్యం ఇచ్చారు. తిండికి లోటు లేకపోయినా కాలేయంలో క్రొవ్వు చేరింది. అందుకు కొద్ది దినాలే పట్టింది. మంచి తిండి కాలేయానికి కవచం కాలేకపోయింది.

రక్తం సంగతి చూస్తే ఇంకా ఆలోచించదగినది. ఉత్త మద్యం త్రాగినప్పటికంటె, క్రొవ్వుతో కూడిన భోజనంతోపాటు త్రాగినప్పుడు ఆ పూట ట్రైగ్లిసరైడ్లు ఎక్కువగా పెరుగుతవి. ప్రేవునుండి కైలోమైక్రానులు, కాలేయంనుండి వి.ఎల్.డి.ఎల్. ఒకేసారి రేవుకు వస్తవి. సరిగా అదే సమయంలో మద్యం లైపేజు ఎంజైమును కొంత అణచిపెడుతుంది. పడవలు రెండింతలు, కూలీలు సగం అన్నమాట. ఖాళీ కడుపున త్రాగితే మత్తు త్వరగా తలకెక్కుతుంది, కడుపులో మంట పుడుతుంది. ఆ మేరకు తిని త్రాగడం నయమే. కోడివేపుడు, మిరపకాయ బజ్జీలు దగ్గర పెట్టుకొని త్రాగేవారు రక్తంలోని క్రొవ్వుల విషయంలో మాత్రం తమకు తాము మేలు చేసుకోవడం లేదు.

త్రాగిన ప్రతివారి రక్తమూ తెల్లబడుతుందా అంటే, లేదు. కొంచెం త్రాగే ఆరోగ్యవంతులలో ట్రైగ్లిసరైడ్లు స్వల్పంగానే మారుతవి. పుట్టుకతోనే ఈ మూటలను నెమ్మదిగా విప్పే స్వభావం ఉన్నవారికి, స్థూలకాయులకు, మధుమేహం ఉన్నవారికి అదే మోతాదు పెను మంటమీద నెయ్యి పోసినట్లు అవుతుంది. తనది ఏ తరహా శరీరమో పరీక్ష చేయించుకుంటే తప్ప ఎవరికీ తెలియదు.

అంకె 500 దాటిన తరువాత భయం గుండె గురించి మాత్రమే కాదు. 1000 దాటితే క్లోమం వాచిపోయే ప్రమాదం స్పష్టంగా పెరుగుతుంది. క్లోమం జీర్ణరసాలను తయారుచేసే అవయవం. దాని ఎంజైములు తన కేశనాళికలలో క్రిక్కిరిసిన ట్రైగ్లిసరైడ్లనే విడగొట్టడం మొదలుపెడితే వెలువడే క్రొవ్వు ఆమ్లాలు ఆ అవయవాన్నే దహిస్తవి. పై కడుపులో మొదలై వీపులోకి పొడిచే భరించరాని నొప్పి, వాంతులు దీని లక్షణాలు. ఇది ప్రాణాంతకం కూడ కావచ్చు. మద్యం స్వతంత్రంగా కూడ క్లోమానికి హాని చేస్తుంది గనుక త్రాగేవారికి ఈ ముప్పు రెండు వైపులనుండి వస్తున్నది. మన సహాయకుని అంకె 640. ఆయన వైద్యుడు మొదట మాట్లాడినది కొలెస్టరాల్ గురించి కాదు, క్లోమం గురించే.

మంచి కొలెస్టరాల్ సాక్ష్యం

ఇక బావమరిది చెప్పిన మాట. దినానికి 30 గ్రాముల ఆల్కహాలు త్రాగేవారిలో హెచ్.డి.ఎల్. సగటున 4 మిల్లీగ్రాములు పెరుగుతుందని అనేక పరిశోధనలను కలిపి 1999లో లెక్కకట్టారు. ట్రైగ్లిసరైడ్లు కూడ 5, 6 మిల్లీగ్రాములు పెరిగినట్లు అదే లెక్కలో ఉన్నది. ఆ సంగతి మాత్రం జనం నోట వినిపించదు. హెచ్.డి.ఎల్. ధమనుల గోడలలో పేరుకున్న కొలెస్టరాల్‌ను తిరిగి కాలేయానికి చేర్చుతుందని, అది ఎక్కువగా ఉన్నవారికి గుండెపోటు తక్కువగా వస్తుందని తెలిసిన విషయమే. 1991, 1992 సంవత్సరాలలో ఫ్రాన్సు ప్రజలు క్రొవ్వు బాగా తిన్నా వారికి గుండెజబ్బులు తక్కువని, అందుకు ద్రాక్ష సారాయి కారణం కావచ్చునని పెద్ద ప్రచారం జరిగింది. ఈ రెంటినీ కలిపి లోకం ఒక నిర్ణయానికి వచ్చేసింది.

కాని రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కానక్కరలేదు. దీనిని తరగతిలో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు. త్రాగనివారి జట్టులో ఎవరెవరు ఉంటారు? జబ్బుచేసి, వైద్యుడు వద్దంటే మానినవారు కూడ ఉంటారు. వారిని కూడ కలిపి లెక్కకడితే త్రాగనివారికే జబ్బులు ఎక్కువగా కనిపిస్తవి. కొద్దిగా త్రాగి అక్కడితో ఆగగలిగే వారిలో పలువురు కలిగినవారు, వ్యాయామం చేసేవారు, వైద్యానికి ఖర్చుపెట్టగలవారు. మేలు మద్యానిదో, ఆ జీవితానిదో పైచూపుకు తెలియదు.

పరీక్షించడానికి మార్గాలు క్రమంగా దొరికినవి. హెచ్.డి.ఎల్.ను 72 శాతం పెంచే టార్సెట్రపిబ్ అనే మందును పదిహేను వేల మందిపై ప్రయోగించారు. మందు తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువ కావడంతో 2006 డిసెంబరులో ఆ ప్రయోగాన్ని అర్ధాంతరంగా ఆపివేశారు. ఆ మందు రక్తపోటును కూడ పెంచింది గనుక తప్పంతా అక్కడే ఉన్నదని కొందరు వాదించారు. అయితే 2012లో వెలువడిన మరొక పరిశోధన ఆ వాదానికి చోటు లేకుండా చేసింది. ఒక జన్యువులోని చిన్న తేడావల్ల పుట్టుకతోనే హెచ్.డి.ఎల్. ఎక్కువగా ఉండేవారిని పరిశీలిస్తే వారికి గుండెపోటు ఏమీ తగ్గలేదు. హెచ్.డి.ఎల్. కొలత ఆరోగ్యానికి గుర్తు కావచ్చును గాని, ఆ అంకెను ఏదో విధంగా పైకి లాగితే ఆరోగ్యం దాని వెంట రాదు. జ్వరమాపినిని చన్నీళ్లలో ముంచితే జ్వరం తగ్గుతుందా?

2014లో మరొక యుక్తి పన్నారు. ఆల్కహాలును ఎసిటాల్డిహైడుగా మార్చే ఎంజైము కొందరిలో పుట్టుకతో మరీ చురుకుగా ఉంటుంది. త్రాగితే వారికి ముఖం ఎర్రబడి, వికారం కలుగుతుంది గనుక జీవితమంతా తక్కువగా త్రాగుతారు. ఎవరికి ఈ జన్యువు వస్తుందనేది చదువును బట్టి గాని, ధనాన్ని బట్టి గాని ఉండదు, లాటరీవంటిది. ఐరోపా సంతతికి చెందిన రెండు లక్షల అరవై వేల మందికి పైగా పరిశీలించగా, ఈ జన్యువు ఉన్నవారికి గుండె ధమనుల జబ్బు నూటికి పది పాళ్లు తక్కువగా ఉన్నట్లు తేలింది. మితంగా త్రాగేవారికి కూడ, ఇంకా తగ్గించడమే మేలని ఆ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. మన దేశంతో సహా దక్షిణాసియా దేశాలలో మొదటిసారి గుండెపోటు వచ్చినవారిని పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాలలో మద్యంవల్ల రక్షణ ఏదీ కనిపించలేదు. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ మద్యంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఆ ప్రకటనకు ముఖ్యాధారం గుండె కాదు, క్యాన్సరు.

త్రాగనివారి సంగతి

ట్రైగ్లిసరైడ్లు ఎక్కువగా ఉన్న ప్రతివారూ త్రాగుబోతులని అనుకోవడం అన్యాయం. ఒక ఉపాధ్యాయుడు పరీక్షా ఫలితాల కాగితం ఎవరికీ చూపకుండా దాచుకోవడం నేను ఎరుగుదును. జన్మలో సారాయి ముట్టని మనిషి! భారత వైద్య పరిశోధన మండలి తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిపి 2014లో ప్రకటించిన పరిశీలనలో నూటికి 30 మందికి ట్రైగ్లిసరైడ్లు ఎక్కువగాను, 72 మందికి హెచ్.డి.ఎల్. తక్కువగాను ఉన్నవి. మొత్తం కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారు 14 మందే. వీరిలో స్త్రీలు, ఎన్నడూ త్రాగనివారు ఎందరో ఉన్నారు.

కాలేయం పిండిపదార్థాలనుండి, పంచదారనుండి కూడ క్రొవ్వును తయారుచేస్తుంది. మూడు పూటలా తెల్లని అన్నమే ప్రధానంగా తిని, రోజంతా కూర్చొని పనిచేసి, నాలుగుసార్లు చక్కెర వేసిన టీ త్రాగేవారి కాలేయానికి ముడిసరుకు కొదవలేదు. పొలంలో దుక్కి దున్నిన తాతకు ఆ అన్నమే సరిపోయింది, బల్లముందు కూర్చున్న మనుమడికి అది మిగిలిపోతున్నది. నడక, శ్రమవల్ల కండరాలలోని లైపేజు చురుకెక్కుతుంది. ఒక సాయంత్రం వేగంగా నడిస్తే మరునాటి భోజనం తరువాత కూడ ట్రైగ్లిసరైడ్లు తక్కువగా పెరుగుతవి. క్రొవ్వు కణాలలోని లైపేజును నడిపించేది ఇన్సులిన్. అందుచేతనే అదుపులో లేని మధుమేహంలో సీరం తెల్లబడవచ్చును. పొగాకు హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తుంది, సిగరెట్టు మానితే అది మరల పెరుగుతుంది. త్రాగే పూటే సిగరెట్టు, ఆ పూటే వేపుళ్లు, మరునాడు నడక లేదు. ఇట్లా ఇవన్నీ జట్టుగా వస్తవి గనుక ఒక్కొక్కదాని పాపం ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఎల్.డి.ఎల్. ఎదుట గీత ఎందుకు గీశారో చెప్పవలసి ఉన్నది. అనేక పరీక్షాశాలలలో ఎల్.డి.ఎల్.ను నేరుగా కొలవరు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, మరి ఇద్దరు కలిసి ఇచ్చిన సూత్రంతో లెక్కకడతారు. ట్రైగ్లిసరైడ్లను 5 చేత భాగిస్తే వి.ఎల్.డి.ఎల్.లోని కొలెస్టరాల్ సుమారుగా వస్తుంది. దానిని, హెచ్.డి.ఎల్.ను మొత్తం కొలెస్టరాల్ నుండి తీసివేస్తే మిగిలినది ఎల్.డి.ఎల్. ట్రైగ్లిసరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు. మన లెక్కలో 640ని 5 చేత భాగిస్తే 128. 268 నుండి 128, 51 తీసివేస్తే 89. చూడడానికి ఎంతో చక్కని అంకె! అది నిజం కాదు గనుకనే పరీక్షాశాలవారు వ్రాయలేదు. ఆ గీత వారి నిజాయితీకి గుర్తు.

ఈ పరీక్షకు రక్తం ఇచ్చేముందు 12 గంటలు ఏమీ తినకుండా ఉండడం, రెండు మూడు దినాలు మద్యం ముట్టకుండా ఉండడం మంచిది. ట్రైగ్లిసరైడ్లు 150 లోపు ఉండాలి. 150 మొదలు 199 వరకు సరిహద్దు, 200 మొదలు 499 వరకు ఎక్కువ, ఆపైన మరీ ఎక్కువ.

మన సహాయకుడు వైద్యుని సలహాతోనే మద్యం మానారు. ఈ మాట ఎందుకు చెప్పుతున్నానంటే, ప్రతిదినం అధికంగా త్రాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ కలిగే ప్రమాదం ఉన్నది. అటువంటివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. ఆయన రాత్రి అన్నం సగానికి తగ్గించి, ఇంటినుండి కళాశాలకు నడిచి రావడం మొదలుపెట్టారు. వైద్యుడు ఇచ్చిన మందు కూడ వాడారు. ఆరు వారాల తరువాత మరల పరీక్ష చేయించుకొని కాగితం తెచ్చారు. మొత్తం కొలెస్టరాల్ 204, ట్రైగ్లిసరైడ్లు 210, హెచ్.డి.ఎల్. 44. ఈసారి ఎల్.డి.ఎల్. ఎదుట గీత లేదు, 118 అని వ్రాసి ఉన్నది.

"అన్నీ తగ్గినవి సరే మాస్టారూ, మంచిది కూడ 51 నుంచి 44కు పడిపోయింది గదా! మా బావమరిదికి ఏం చెప్పమంటారు?" అన్నారు.

పరీక్షాశాలవారిని అడిగి ఆ నాళికను తెప్పించాను. దాని వెనుక ఆనాటి దినపత్రిక పెట్టి ఆయన చేతికి ఇచ్చాను. కళ్లజోడు సవరించుకొని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సినిమా ప్రకటన ఒకటి పూర్తిగా చదివారు.